మేతకు వంతు, బీడుకు విరామం: అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల కలెక్టర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గార్లకు,

నమస్కారం.

ఖరీఫ్ రాకముందు మీ అధ్యక్షతన జరిగే సమీక్షా సమావేశాల్లో విత్తన వేరుశనగ ఎన్ని క్వింటాళ్లు కావాలి, సబ్సిడీ ఎంత, ఏ గోదాములో ఎంత ఎరువు నిల్వ ఉంది, బ్యాంకులు ఎంత పంట రుణం ఇవ్వాలి అన్న లెక్కలన్నీ మండలాల వారీగా చర్చకు వస్తాయి. అదే తొలకరికి గుట్టల మీద, బీళ్లలో, చెరువు శిఖాల్లో, వంకల గట్ల మీద మొలిచే గడ్డి గొర్రెలు, మేకల వంటి జీవాలను ఎన్నింటిని ఎన్ని నెలలు నిలబెడుతుందన్న లెక్క మాత్రం ఏ కాగితంలోనూ కనిపించదు. పంట పోయిన ఏడాది మన ఊళ్లలో ఎన్నో కుటుంబాలను గట్టెక్కించేది ఆ గడ్డే. కాబట్టి ఆ లెక్కను కూడా కరవు ప్రణాళికలోకి తీసుకోవాలని, మేత భూములను వంతుల వారీగా మేపి వంతుల వారీగా విశ్రాంతినిచ్చే పద్ధతికి ప్రభుత్వం తరఫున ఆదరవు కల్పించాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. దేశంలో జైసల్మేరు తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా అని మనల్ని గురించి తరచూ చెబుతుంటారు. అయితే మాకు సగటు కంటే పెద్ద చిక్కు వాన పడే తీరుతోనే. జూన్‌లో ఒక పదును వస్తుంది, ఆపైన నెల నెలన్నర గాలులే వీస్తాయి, మళ్లీ సెప్టెంబరులో ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. వేరుశనగకు ఎంత వాన పడిందన్నదానికంటే ఎప్పుడు పడిందన్నది ముఖ్యం. ఊడలు నేలలోకి దిగేటప్పుడు, కాయ ఊరేటప్పుడు పదును లేకపోతే ఆ తర్వాత ఎంత వాన పడినా ఆ చేను కట్టెకు తప్ప కాయకు పనికిరాదు. ఏళ్ల తరబడి నేలలో ఉండే గడ్డి దుబ్బుకు ఆ పట్టింపు లేదు. దుబ్బులో ప్రాణం ఉంటే చాలు, వాన జూన్‌లో పడితే జూన్‌లో, అక్టోబరులో పడితే అక్టోబరులో చిగురిస్తుంది. ఉమ్మడి జిల్లాలో ఒకప్పుడు దాదాపు 8 లక్షల హెక్టార్లలో వేరుశనగ ఒక్కటే వేసి, తేదీల మీద ఆధారపడే పంటకు బతుకునంతా ముడివేసుకున్నాం. తేదీలతో పనిలేని గడ్డిని మాత్రం ఎవరికీ పట్టనిదిగా వదిలేశాం. 2023 ఖరీఫ్‌లో రాష్ట్ర ప్రభుత్వం 103 మండలాలను కరవు మండలాలుగా ప్రకటిస్తే, అందులో అనంతపురం జిల్లాలో 28, శ్రీ సత్యసాయి జిల్లాలో 21 ఉన్నాయి. అంటే దాదాపు సగం మీ ఇద్దరి పరిధిలోనివే.

2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం 1.91 కోట్ల గొర్రెలతో తెలంగాణ, 1.76 కోట్లతో ఆంధ్రప్రదేశ్ దేశంలో మొదటి రెండు స్థానాల్లో నిలిచాయి. దేశం మొత్తం మీద ఉన్న 7.43 కోట్ల గొర్రెల్లో దాదాపు సగం ఈ రెండు రాష్ట్రాలవే. మన రాష్ట్రంలో ఆ మందలకు పుట్టిల్లు రాయలసీమ మెట్ట. బిడ్డ పెళ్లయినా, ఆసుపత్రి ఖర్చయినా, బోరు ఎండిపోయినా ముందుగా సంతకు వెళ్లేవి పొట్టేళ్లే. ఇంత ఆదాయం ఏ నేల మీద నిలిచి ఉందో ఆ నేల బాగోగులు చూసే అధికారి మాత్రం ఒక్కరూ లేరు. పశుసంవర్ధక శాఖ జీవాన్ని చూస్తుంది, రెవెన్యూ శాఖ సర్వే నంబరును చూస్తుంది, అటవీ శాఖ చెట్టును చూస్తుంది. గడ్డి ఎవరి పద్దులోనూ లేదు.

ఆ గడ్డి పరిస్థితి ఏమిటో తెలుసుకోవాలంటే ఏ ఊరి పక్కనున్న గుట్ట పోరంబోకుకైనా వెళ్లి ఒక రేగు పొద దగ్గర కూర్చుని చూస్తే చాలు. పొద ముళ్ల మధ్య, జీవాల మూతి అందని చోట, గడ్డి మోకాలెత్తు పెరిగి వెన్ను తీసి ఉంటుంది. దాని మొదట్లో మట్టిని వేలితో గీరితే పొడిపొడిగా లేస్తుంది, రాలిన ఆకు పొర కింద చెదల గూళ్లు, కొంచెం చెమ్మ కనిపిస్తాయి. పొదకు మూడడుగుల అవతల అదే జాతి గడ్డి నేలబారున కొరికేసి ఉంటుంది, రెండు వేళ్లతో లాగితే వేరుతో సహా ఊడివస్తుంది. దాని చుట్టూ నేల పెంకు కట్టి ఉంటుంది, చెంబుతో నీళ్లు పోస్తే ఇంకకుండా పక్కకు జారిపోతాయి. ఇంకా అవతల జీవాలు ముట్టని తంగేడు, వయ్యారిభామ తప్ప మరేమీ ఉండవు. మూడు చోట్లా నేల ఒకటే, వాన ఒకటే. పొదలోని దుబ్బుకు తేరుకోవడానికి గడువు దొరికింది, బయటి దుబ్బుకు దొరకలేదు.

జీవం కొరికిన గడ్డి దుబ్బు తన మొదట్లో, వేళ్లలో దాచుకున్న బలంతో కొత్త ఆకు వేస్తుంది. ఆ ఆకు ఎదిగి మళ్లీ వేళ్లకు ఆహారం పంపేదాకా దాన్ని వదిలేస్తే దుబ్బు నిలదొక్కుకుంటుంది. అలా వదలకుండా లేత చిగురును వారం పది రోజులకే మళ్లీ కొరికితే వేళ్లు కురచబడి, తర్వాతి ఎండకు దుబ్బు చచ్చిపోతుంది. అందుకే గడ్డి పాడవడానికి జీవాల సంఖ్య కంటే అవి ఒకే చోట ఎంతకాలం ఉన్నాయన్నదీ, ఎంతకాలానికి తిరిగి వచ్చాయన్నదీ ముఖ్యమని ఫ్రాన్సుకు చెందిన రైతు, జీవరసాయన శాస్త్రవేత్త ఆంద్రే వ్వాజాన్ గత శతాబ్దపు మధ్యలోనే వాదించాడు. కొద్దిపాటి జీవాలు కూడా ఏడాది పొడవునా ఒకే గుట్ట మీద తిరిగితే తమకు రుచించిన దుబ్బులనే వెతికి వెతికి కొరికి చంపుతాయి. పెద్ద మందయినా నాలుగు రోజులు మేసి వెళ్లిపోయి, గడ్డి గింజ రాల్చాక తిరిగివస్తే నష్టం తక్కువ. పైగా తొక్కిన ఎండుగడ్డి నేలను కప్పుతుంది, రాలిన పెంట, గింజ మట్టిలో కలుస్తాయి. తర్వాతి వాన వంకలోకి ఉరకకుండా అక్కడే ఇంకుతుంది.

ఈ విషయంలో అతిశయోక్తులు కూడా చాలా వినిపిస్తున్నాయి కనుక ఒక మాట స్పష్టం చేయాలి. జింబాబ్వేకు చెందిన పర్యావరణవేత్త అలన్ సేవరీ ఇలా మందలను కూర్చి తిప్పితే ఎడారులను, వాతావరణ మార్పును సైతం వెనక్కి మళ్లించవచ్చని ప్రచారం చేశాడు. పచ్చిక భూములపై పనిచేసే శాస్త్రవేత్తల్లో చాలామంది దాన్ని ఒప్పుకోలేదు. భూమిని ముక్కలు చేసి వాటిలో మందను తిప్పినంత మాత్రాన ఎక్కువ గడ్డి పండుతుందని ప్రయోగాల్లో నిలకడగా రుజువు కాలేదన్నది వారి అభ్యంతరం, అది కొట్టిపారేయదగింది కాదు. నేను అడుగుతున్నది అంత పెద్దది కాదు. మన వానలకు ఏడాదిలో గడ్డి ఎదిగేది మహా అయితే రెండు విడతలు. కాబట్టి నెలకోసారి తిప్పే విదేశీ పట్టికలు ఇక్కడ పనికిరావు. ఊరి మేత భూమిని మూడు నాలుగు భాగాలుగా అనుకొని, ఏటా ఒక భాగాన్ని తొలి వాన నుంచి గింజ రాలేదాకా ముట్టకుండా ఉంచి, మరుసటి ఏడాది ఆ వంతు ఇంకో భాగానికి ఇస్తే చాలు. విదేశాల్లో దీనికి మైళ్ల కొద్దీ విద్యుత్ కంచెలు వేస్తారు. మనకు ఆ ఖర్చు లేదు. రోజంతా మంద వెంట నడిచే కాపరి ఉండగా వేరే కంచె ఎందుకు? ఏ వంకలో ఎప్పుడు ఏ గడ్డి లేస్తుందో, ఏ గుట్ట మీద ఎన్ని రోజుల మేత ఉందో కాపరికి ఎవరూ నేర్పనక్కర్లేదు.

మరి కాపరులే ఈ పని ఎందుకు చేసుకోవడం లేదని మీరు అడగవచ్చు. ఒక కాపరి ఒక గుట్టను వదిలిపెడితే మర్నాడు పక్క ఊరి మంద అక్కడికి వస్తుంది. ఊరుమ్మడి కట్టుబాటు లేని చోట విశ్రాంతి ఇచ్చినవాడే నష్టపోతాడు. దానికి తోడు మేత భూమి ఏటేటా తరిగిపోతోంది. కొంత ఆక్రమణల పాలైంది, కొంత సర్కారు తుమ్మ కింద పోయింది, కొంతలో మొక్కల పెంపకం పేరిట గుంతలు తవ్వి మందలను రానివ్వకుండా చేశారు. ఎన్.పి.కుంట దగ్గర, తాడిపత్రి వైపు తలారిచెరువు దగ్గర సోలార్ పార్కులు వచ్చాయి, మరెన్నో రాబోతున్నాయి. కరెంటు వద్దని ఎవరూ అనరు. అయితే పలకల కింద పెరిగే గడ్డిని కోయించడానికి కంపెనీలు కూలి ఇస్తుంటే, అదే గడ్డి కోసం కాపరి కంచె బయట నిలబడటం న్యాయంగా లేదు. అమెరికా, ఆస్ట్రేలియాల్లో సౌర పలకల కింద గొర్రెలను మేపడం మామూలు విషయమైంది. కొత్త అనుమతుల్లోనైనా ఆ షరతు పెట్టడం మీ సిఫారసుతో జరగగలదు.

మిగిలిన భూమిని కాపాడటానికి చట్టం కొరత లేదు. 1994 పంచాయతీరాజ్ చట్టం మేత పోరంబోకులను గ్రామ పంచాయతీకి దఖలు పరిచింది. జగ్‌పాల్ సింగ్ కేసులో 2011 జనవరి 28న సుప్రీంకోర్టు ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించి తిరిగి గ్రామాలకు అప్పగించే పథకాలు రూపొందించాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. 2006 అటవీ హక్కుల చట్టం స్థిరంగా ఉండేవారి మేత హక్కుతో పాటు మందలతో వలస వెళ్లేవారి మేత హక్కునూ గుర్తించింది. ఇన్ని ఉన్నా, మా ఊరి మేత పోరంబోకు ఎన్ని ఎకరాలు, హద్దులు ఎక్కడ అని అడిగితే చూపించగలిగే పటం ఎన్ని సచివాలయాల గోడల మీద ఉందో మీరే విచారించండి.

ఊరుమ్మడి కట్టుబాటు సాధ్యమేనని చెప్పడానికి దూరం వెళ్లనవసరం లేదు. చెన్నేకొత్తపల్లి, రొద్దం మండలాల మధ్య కల్పవల్లి గుట్టలు ఉన్నాయి. 1990ల ఆరంభంలో అక్కడ బోడి రాళ్లు తప్ప ఏమీ లేవని పెద్దలు చెబుతారు. టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ తోడ్పాటుతో చుట్టుపక్కల ఊళ్లవారు వేల ఎకరాల బంజరును కాపలా కాసుకున్నారు. వేసవిలో నిప్పు పాకకుండా గడ్డి చెక్కి ఖాళీ బాటలు తీశారు, అంటుకున్నప్పుడు పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పారు. నాటినవాటికంటే తమంతట మొలిచినవే ఎక్కువ. ఇళ్ల కప్పుకు పనికొచ్చే బోద గడ్డి, చీపురు గడ్డి, ఈత చెట్లు తిరిగి వచ్చాయి, వంకల్లో నీళ్లు నిలిచాయి, ఎన్నో ఊళ్ల మందలకు అది మేత అయింది. గమనించవలసింది ఏమిటంటే అక్కడ మందను తరిమేసి అడవిని పెంచలేదు, మందతో ఒప్పందం చేసుకొని పెంచారు. ఆ గుట్టలు రికార్డుల్లో బంజరుగానే ఉండిపోవడం వల్ల తర్వాత గాలిమరలు, వాటి కోసం తవ్విన రోడ్లు వచ్చిపడ్డాయి. రికార్డు సరిచేయకుండా పచ్చదనం పెంచితే అది చివరికి ఎవరి పాలవుతుందో చెప్పలేమన్నది కూడా అక్కడ నేర్చుకోవలసిన పాఠమే.

బీళ్ల సంగతి ఇలా ఉండగా, చేలకూ మందకూ ఉన్న సంబంధం గురించి ఇంకొంచెం వివరంగా చెప్పాలి. కోత అయిన చేలో రాత్రిపూట తడకలు కట్టి గొర్రెల మందను నిలపడం మన దగ్గర తాతల నాటి పద్ధతి. ఒక రాత్రి నిలిపిన చోట మర్నాడు నిలపరు, తెల్లవారగానే తడకలు పీకి పక్కకు జరుపుతారు. అలా చేనంతా తిరిగేసరికి పెంటే కాక, బండ్లమీద తోలే ఎరువులో ఎప్పుడూ దక్కని మూత్రం కూడా మట్టిలోకి దిగుతుంది. మామూలు పశువుల ఎరువులో నత్రజని 0.5 శాతం ఉంటే గొర్రె, మేక ఎరువులో 3 శాతం దాకా ఉంటుందని వ్యవసాయ పుస్తకాలు చెబుతాయి. మంద నిలిపిన మడిలో పంట ఏపు రెండు మూడేళ్లు తెలుస్తుందని రైతులు చెబుతారు. కాపరికి ఒకప్పుడు జొన్నలు కొలిచేవారు, ఇప్పుడు రాత్రికింత అని డబ్బు ఇస్తున్నారు. మందల కోసం రైతులు ముందుగానే మాట్లాడుకొని బయానా ఇచ్చే ఊళ్లు కూడా ఉన్నాయి.

2016లో రాష్ట్రంలో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమాన్ని రైతు సాధికార సంస్థ నడుపుతోంది. 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ ఫౌండేషన్ పురస్కారాన్ని మరో ఇద్దరు గ్రహీతలతో కలిసి ఈ కార్యక్రమం అందుకున్నందుకు మనమంతా సంతోషించాం. తొలకరికి ముందే పొడినేలలో నవధాన్యాలు చల్లి నేలను పచ్చగా ఉంచే పద్ధతి మెట్ట రైతుకు నిజంగా పనికొస్తుంది. కానీ ఆ కార్యక్రమం ఘనజీవామృతం అనే ఎరువు తయారీకి ఆవు పేడనూ ఆవు మూత్రాన్నీ చూపిస్తుంది. ట్రాక్టర్లు వచ్చి ఎద్దులు పోయిన ఊళ్లలో అవి దొరకడం కష్టం, తలుపు తీస్తే ఎదురుగా కనిపించేది గొర్రెల దొడ్డి. మంద నిలపడాన్ని ఆ కార్యక్రమంలో ఒక పద్ధతిగా చేర్చి, రైతు కాపరికి ఇచ్చే సొమ్ములో కొంత భరిస్తే ఇద్దరికీ మేలు. నవధాన్యాల పచ్చికను మందతో పైపైన మేపించి మిగతాది కలియదున్నవచ్చు. ఒక్క జాగ్రత్త: విత్తనాల్లో జొన్న ఉంటే మోకాలెత్తు లోపు లేత జొన్న మీదికి, ముఖ్యంగా వాన ఎత్తిపోయి వాడిన జొన్న మీదికి, జీవాలను వదలకూడదు. విషం ఎక్కి నిలబడ్డచోటే పడిపోతాయి. ఈ సంగతి కాపరులకు తెలుసు, కరపత్రాలు రాసేవారికి తెలియాలి.

జీవాలను పెంచడమంటే సంఖ్యను పెంచడమే అనుకునే పథకాల ఫలితం పొరుగునే చూశాం. తెలంగాణలో 2017లో 20 గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి 1.25 లక్షల రూపాయల యూనిట్లుగా 75 శాతం సబ్సిడీతో పంచారు. జీవాలు వచ్చాయి గానీ వాటితోపాటు మేత భూమి ఒక్క ఎకరమూ రాలేదు. మన జిల్లాల్లో అలాంటి ఆలోచన వస్తే దానికి ముందు గడ్డి లెక్క తీయమని వేడుకుంటున్నాను.

వంతు మేపుకూ జీవాల ఆరోగ్యానికీ ఉన్న సంబంధం పశువైద్యులకు తెలిసిందే. తొలకరి పడి లేత గడ్డి లేవగానే, వేసవి అంతా మాడిన గొర్రెలు ఆబగా తిని చిటుక రోగంతో రాత్రికి రాత్రి చస్తాయి. టీకా వానలకు ముందే, మే నెలలోనే పడాలి. కిందటి ఏడాది విశ్రాంతి ఇచ్చిన భాగంలో ముదురు ఎండుగడ్డి నిలిచి ఉంటే, ఆ మొదటి పది పదిహేను రోజులు మందను అక్కడ మేపి, లేత గడ్డికి మెల్లగా అలవాటు చేయవచ్చు.

కాపరుల వైపునా సరిదిద్దుకోవలసినవి ఉన్నాయి. చిగురు కోసం మాఘ ఫాల్గుణాల్లో గుట్టలకు నిప్పుపెట్టే అలవాటు మానకపోతే పైన చెప్పిందంతా వృథా. మేకల కోసం కొమ్మలు నరకడానికీ హద్దు ఉండాలి. అన్నిటికంటే చిక్కు బయటి మందలది. వాటిని బందెలదొడ్డికి తోలితే గొడవలు తప్ప మిగిలేదేమీ ఉండదు, ఎందుకంటే కరవు ఏడాది మన మందలూ కర్నూలు, నంద్యాల ఆయకట్టుకు, కర్ణాటకకు వెళ్లి అక్కడివారి దయ మీదే బతుకుతాయి. నడిచే బాటలు, నీళ్లు తాగే చోట్లు వదిలి, వంతులో ఉన్న భాగాన్ని మాత్రమే మూసే ఒప్పందాలు మండలాల మధ్య కుదర్చాలి. ఆ పని ఏ ఒక్క పంచాయతీ వల్లా కాదు, మీ వల్లే అవుతుంది.

2026ను ఐక్యరాజ్యసమితి పచ్చిక భూముల, పశుపోషకుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది. సభలు, శాలువాలు ఎలాగూ ఉంటాయి. వాటి కన్నా ముందు భూముల రీసర్వేలో తేలిన మేత పోరంబోకుల పటాలను ప్రతి సచివాలయంలో అంటించి, అభ్యంతరాలు తీసుకొని, హద్దు రాళ్లు నాటించండి. మండలానికి ఒక ఊరినైనా ఎంచుకొని, గొర్రెల పెంపకందారుల సంఘమే వంతులు నిర్ణయించేలా, పంచాయతీ దాన్ని తీర్మానం చేసేలా చూడండి. ఆ భూముల్లో ఉపాధి పనులంటే గుంతలు తవ్వి మొక్కలు నాటడం కాకుండా రాతికట్టలు, నీటి తొట్లు, సర్కారు తుమ్మ తొలగింపు, బోడినేలల్లో అంజన్ గడ్డి, స్టైలో వంటి మేత మొక్కల విత్తనం చల్లడం కావాలి. నవంబరు నెలాఖరుకు, వానలు ముగిశాక, ప్రతి మండలంలో మిగిలిన గడ్డి ఎన్ని జీవాలకు మళ్లీ తొలకరిదాకా సరిపోతుందో అంచనా వేసి ప్రకటించండి. కరవు తెలిసిపోయాక మార్చిలో అందరూ ఒక్కసారిగా సంతకు తోలితే ధర పడిపోతుంది. నవంబరులోనే తెలిస్తే రైతు పొట్టేళ్లను, ముసలి గొర్రెలను నిదానంగా మంచి ధరకు అమ్ముకొని, ఈనే గొర్రెలను నిలుపుకోగలడు.

ఈ విషయమై కాపరులతో మాట్లాడటానికి తొలకరికి ముందే ఒక తేదీ నిర్ణయించాలని ప్రార్థన. ఆ సమావేశాన్ని మాత్రం ఉదయం పదకొండు గంటలకు మండల కార్యాలయంలో పెట్టవద్దని మనవి. ఆ వేళకు మందలు గుట్టల్లో ఉంటాయి, దొడ్డికి చేరేసరికి చీకటి పడుతుంది.

ఇట్లు,
మెట్ట సేద్యమూ, కొన్ని జీవాలూ ఉన్న ఒక రైతు
శ్రీ సత్యసాయి జిల్లా